చెవికి ఆనించిన సీసా

ఆ మాట మొదట నాకు చెప్పింది, ఎల్బీ నగర్‌లో మా ఎదురింటి పెద్దమ్మ కోడలే. దవాఖాన నుంచి వచ్చి మెట్ల మీదే కూలబడింది.

"అక్కా, అత్తమ్మకు ఆర్నెల్ల సంది కండ్లు కనిపిస్తలేవంట."

మొన్న మా పాప పుట్టినరోజుకు కూడా పెద్దమ్మ కేకు పిండి సీసా ఇచ్చింది. మాకది ప్రసాదంతో సమానం. కడిగి ఆరబెట్టిన పచ్చడి సీసాలో తెల్లని మైదా, దాని మీద కోకో, ఆపైన చక్కెర. ఒక్క పొర చెదరలేదు. పాలూ నూనే కలిపి కుక్కర్లో పెట్టడమే మా పని. ఇచ్చేముందు ఎప్పటిలాగే సీసాను చెవికి ఆనించి, వేలితో తట్టి నవ్వింది. అదొక ముచ్చట అనుకున్నాను, భగవంతుడా.

కోడలితో కలిసి లోపలికి వెళ్లి, "ఎందుకు దాచారు పెద్దమ్మా?" అన్నాను.

"చెప్తే ఇది నన్ను వంటింట్లకు రానిస్తదా బిడ్డా? చక్కెర సప్పుడు చేస్తది, కోకో వాసనొస్తది. మైదా ఒక్కటే మూగది. ఎంతదాకా నిండిందో తట్టి ఇనాలె."

కోడలు కళ్లు తుడుచుకుని, ఒక ఖాళీ సీసా తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది.

త్వరలో ఆపరేషన్. చూపు ఎంత వస్తుందో చెప్పలేమన్నారు. మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.