సాక్సులకు మంచినీళ్లు

మా కిరాయింటి ఓనరు పెద్దమ్మ పోయిన నెలలో చనిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండగా నాకు ఫోనొచ్చింది. కిడ్నీలు పాడై ఆసుపత్రిలో ఉందని తెలుసు గానీ, ఇంత తొందరగా పోతుందనుకోలేదు.

ఇస్నాపూర్‌లో ఆమె గదుల్లో ఉండేదంతా మాలాంటి ఫ్యాక్టరీ పనివాళ్లే. శనివారం పిల్లలకు తెల్ల యూనిఫాం. ఫ్యాక్టరీలు వచ్చాక పాడైన మా బోరు నీళ్లలో ఉతికితే తెల్ల సాక్సులు పసుపు రంగుకు తిరుగుతాయి. లోకం మాత్రం తల్లి బద్ధకస్తురాలంటుంది. నేను మార్చని సబ్బు లేదు. చివరికి బ్లీచింగ్ పొడి వేస్తే ఇటుక రంగు వచ్చింది. పెద్దమ్మ చూసి నోరు నొక్కుకుంది.

"ఏంది బిడ్డా, ఉతికినవా, ఎర్రమట్టిల దొర్లించినవా? గిటు తే!"

అప్పటి నుంచి శుక్రవారం ఆ పని ఆమెదే. వేడినీళ్లలో వంటసోడా వేసి నానబెట్టేది. మడమల దగ్గర పాత బ్రష్షుతో రుద్ది, నిమ్మరసం పట్టించేది. ఆఖరి జాడింపు మాత్రం కొన్న క్యాన్ నీళ్లతోనే. మళ్లీ బోరు నీళ్లు తగిలితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అనేది. శనివారం నా కూతురు తలెత్తుకుని బడికి పోయిందంటే ఆమె చలవే.

ఆ క్యాన్ నీళ్లు ఆమె తాగాలని కొడుకు తెప్పించేవాడు. ఆమె మాత్రం బోరు నీళ్లు స్టీలు బిందెలో పట్టుకుని తాగేది. నేను పోట్లాడితే నవ్వేది.

"నాకేమైతది? గీ బోరు మేం ఏసిందే. గీ నీళ్లతోనే వరి పండిచ్చినం, గివే తాగినం. నీ పొల్ల నలుగుర్ల నిలబడేది, దాని సాక్సులు తెల్లగుండాలె."

నీళ్ల వల్లేనా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. కాదని కూడా అనలేదు. ఎవరిని నిలదీయను? ఫ్యాక్టరీ జీతంతోనే నా పొయ్యి వెలుగుతోంది. ఆ మాట అనుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొన్న, దినాలు అయ్యాక, ఆమె కోడలు ఆ బిందె తెచ్చి నా ముందు పెట్టింది.

"జెర తోమక్కా. నాతోని అయితలేదు."

అడుగున పసుపు పొర పట్టి ఉంది. నిమ్మచెక్కతో రుద్దాను. ఇట్టే వదిలింది. ఇన్నేళ్లు ఆమె తాగిన నీళ్ల గుర్తు అంత సులువుగా పోతుంటే ఏడుపు ఆగలేదు. కడుగుదామని కుళాయి తిప్పాను. మెరుస్తున్న బిందెలోకి మళ్లీ ఆ బోరు నీళ్లే పడుతున్నాయి.