ఆడపడుచుకి మెరుపుల శిక్ష

ఆపరేషనై వచ్చిన సొంత ఆడపడుచుని వరండాలో స్ట్రెచర్ మీదే వదిలేసి, ఖాళీ గదిలో మెరుపులు కొట్టిస్తూ మెరుపులమ్మ పాత కక్ష తీర్చుకుందట. ఈ పుకారు ఆసుపత్రి క్యాంటీన్‌లో పుట్టి, లిఫ్టెక్కి పై అంతస్తు చేరేసరికి, ఆడపడుచుని గదిలో పెట్టే కాల్చిందన్నంత బలిసింది.

మెరుపులమ్మ వార్డు ఆయా. రోగి వెళ్లిపోగానే గది కడిగి, చక్రాల దీపాన్ని లోపలికి తోసి, తలుపేసి, బయట నుంచి మీట నొక్కుతుంది. దీపం టపటపా మెరుస్తుంది. ఆ మెరుపులోని అతినీలలోహిత కాంతి తగిలిన చోట సూక్ష్మజీవులు చస్తాయి. నీడపడ్డ చోట నిక్షేపంగా కాపురం చేస్తాయి. అందుకే ఆ యంత్రానికి కొత్తల్లుడని పేరు పెట్టింది.

"లోపలికెళ్తే తలుపెయ్యాలి, ఎవరూ తొంగిచూడకూడదు. ఎదురుగా ఉన్నదే చూస్తాడు, చాటునున్నది పట్టదు" అనేది.

ఆరోజు గది ఖాళీ చేసిన రోగిది ఏ మందుకీ లొంగని పుండు. ఆ గదిలోకి రావలసింది పొట్టమీద పచ్చికుట్లతో ఆడపడుచు. ఆవిడ ఆపరేషన్‌కి వెళ్లేముందే ఫోన్ చేసి, "గదిని నీ వంటింట్లా ఉంచకే" అని దెప్పింది. ఆ ఉడుకులో మెరుపులమ్మ మంచం పక్క కుర్చీ జరపకుండానే మీట నొక్కేసింది.

స్ట్రెచర్ వచ్చాక చూసుకుంది. రోగి పట్టుకుని లేచే మంచం కమ్మీ మీద కాంతి పడకుండా కుర్చీ వీపు అడ్డం! నోరు మూసుకుంటే అడిగేవాళ్లు లేరు. నిజం చెబితే ఆ ఒక్క ముక్కతో ఆడపడుచు చచ్చేదాకా సాధిస్తుంది.

"లోపలికి తొయ్యవేమే?" అంది ఆడపడుచు.

"ఆగు వదినా, మళ్లీ కొట్టాలి."

"ఎవర్ని?"

"పురుగుల్ని."

"ఆయమ్మా, ఒకసారి అయిందిగా! పేషెంటు వణుకుతోంది" అంది నర్సు.

"ఇంకో దుప్పటి కప్పమ్మా."

"నా మీద కోపం పురుగుల మీద చూపిస్తోంది, చూశావా!" అని ఆడపడుచు మూలిగింది.

"నీ మీద కోపానికి ఈ దీపం ఏ మూలకి వదినా!"

కుర్చీని దూరంగా లాగి, తలుపేసి, మళ్లీ మీట నొక్కింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇంటికెళ్లేదాకా ఆడపడుచు, తనని పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ వరండా కథే చెప్పింది. చెబుతూ లేచినా కూర్చున్నా ఆ కమ్మీయే పట్టుకుంది. కుట్లకి చీము పట్టలేదు.