బ్యాటరీలకు ర్యాంకులు వద్దన్న సార్

పాలిటెక్నిక్‌లో మాకు ఎలక్ట్రికల్ చెప్పిన సార్ పోయిన వారం కన్నుమూశారు. మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసుకు ఆ కబురు వచ్చేసరికి యూపీఎస్ గదిలో బ్యాటరీలు చూస్తున్నాను. ఈ పని చేయగలుగుతున్నానంటే ఆయన వల్లే. ఆయన శిష్యురాలినని గర్వంగా చెప్పుకుంటాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. నాన్న నార్సింగిలో ఆటో నడిపేవాడు. చివరి ఏడాది సెమినార్‌కు సార్ నాకిచ్చిన అంశం, అప్పట్లో జపాన్‌లో కొత్తగా అమ్మకానికొచ్చిన హైబ్రిడ్ కారు. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిసి నడిపే ఆ కారుకు ఏ బ్యాటరీ సరైనదో పోల్చి చెప్పాలి. బయటి కాలేజీల వాళ్ల ముందు నిలబడాలంటే భయమేసి, నా పేరు తీసేయమన్నాను. ఆయన తీయలేదు.

చార్టు గీశాను. మూడు రకాల బ్యాటరీలకూ పదో తరగతి ఫలితాల్లా మార్కులు వేసి, కూడి, లిథియం ఫస్టు, నికెల్ సెకండు, సీసం బ్యాటరీ ఫెయిలు అని రాశాను. సార్‌ది తెనాలి వైపు. చొక్కా జేబుకు ఎప్పుడూ సుద్ద మరక ఉండేది. చార్టు చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"ఏది గొప్పదని కాదమ్మా, ఏ పనికి పనికొస్తుందో చెప్పు. నువ్వు ఫెయిల్ చేసినదాంతోనే ఊళ్లో కార్లన్నీ స్టార్టవుతున్నాయి."

మళ్లీ మొదలుపెట్టాను. సీసం చవకే కానీ బరువు, సగం సగం నింపి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం తేలిక, కానీ ఖరీదు, వేడెక్కకుండా కాపాడుకోవాలి. నికెల్ ఆ రెంటికీ నడుమ. బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం నింపి, మళ్లీ కొంచెం వాడినా ఓర్చుకుంటుంది. ఆ కారువాళ్లు దాన్ని ఎంచుకున్నది అందుకే.

సెమినార్ వేరే కాలేజీలో. నన్ను ఆటోలో తీసుకెళ్లిన నాన్న గేటు బయటే ఉంటానన్నాడు. సార్ వెళ్లి, లోపలికి తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంగ్లిష్ ఆగిన చోటల్లా తెలుగులో చెప్పాను. చివరిదాకా చెప్పాను.

తిరుగు దారిలో సార్ ఆటోలో వెనక సీటు నాకొదిలి, ముందు సీట్లో నాన్న పక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. మాదాపూర్ దగ్గర వాలు రోడ్డు మీద బ్రేకు వేస్తూ నాన్న అడిగాడు. "సారూ, గిట్ల బ్రేక్ కొడితే ఆ కారుల బ్యాటరీ నిండుతదంట గదా. ఎట్ల నిండుతది?"

సార్ వెనక్కి వేలు చూపించారు. "ఇంజనీరుగారు వెనకాల కూర్చుంటే నన్నడుగుతారేంటండీ?"

నాన్న ఆటోను పక్కకు తీసి, ఇంజను ఆపి, నా వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా," అన్నాడు. సార్ కూడా, ఆ సంగతి మొదటిసారి వింటున్నట్టు, నా వైపే తిరిగి కూర్చున్నారు.