నల్లరాళ్లు తోమేసిన సాయంత్రం

నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న ఏడు అది. మా పొలానికి ఎగువన ఎప్పుడో వదిలేసిన మాంగనీసు గని ఉంది. వానలకి ఆ గొయ్యి నిండి నీళ్లు మా కాలవలోకి దిగేవి. అవి తగిలితే వరి ఆకు మీద గోధుమరంగు మచ్చలు లేచేవి.

మందూ మోటారూ లేకుండా ఆ నీరు దానంతటదే బాగుపడేలా ఒక ఇంజనీరు సారు కాలవలో రెండు మడులు కట్టించారు. మొదటిదాంట్లో జమ్ము పెంచారు, రెండోదాంట్లో సున్నపురాళ్లు పోశారు. అందులో పడే ఆకూ అలమూ తీసే పని నాకూ మా వదినకీ ఇచ్చారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. అయ్య పోసిన నారుమడి నెర్రెలిస్తోంది. మాకు బోరు లేదు, గని గోతిలో నిలిచిన పాత నీరే దిక్కు. రాళ్ల మడి దాటిన నీరు పరీక్షలో బాగుంటేనే మా వైపు నీటికి అడ్డంగా ఉన్న తూము పలక ఎత్తుతానని, మర్నాడు పొద్దున్నే వస్తానని సారు ఫోను చేశారు.

ఆ సాయంత్రం వెళ్లి చూస్తే, నెలలుగా కొంచెం కొంచెం మసకబారుతున్న తెల్లటి రాళ్లన్నీ కట్టెలపొయ్యి మీది గిన్నెల్లా నల్లబడి ఉన్నాయి.

"వదినా, ఈ మసి సూస్తే సారు ఏటంటారో. పలక ఎత్తకపోతే నారు ఎండిపోద్ది."

"అలాగని నిలబడి ఏడుస్తావేటే గుంటా? పీసు తే, తోమేద్దుం."

పీచూ ఇసుకా పెట్టి తోమాం. మడిలో ఎగువ సగం రాళ్లు తెల్లగా వచ్చాయి. అప్పటికి వదిన నడుం పట్టుకుని కూలబడింది.

"మిగిలింది మీ సారునే తోముకోమను."

పొద్దున సారు రాళ్ల మడి పక్కన కూర్చుని, ఒక తెల్లరాయి చేతిలోకి తీసుకున్నారు.

"ఎవరు కడిగారమ్మా?"

"మేమే సార్. మసి పట్టీసిందని."

"అది మసి కాదమ్మా. నీళ్లలోని మాంగనీసే రాయికి అలా అంటుకుంటుంది. ఆ నలుపే మిగతాదాన్ని లాగుతుంది. అది పట్టడానికి నెలలు పట్టింది."

అయ్య నా వెనకే ఉన్నాడు.

సారు మేం తోమని దిగువ సగం దాకా నడిచి వచ్చారు. "ఇక్కడ నలుపు ఉంది. నీటిని సగానికి తగ్గించి మెల్లగా పారిస్తే ఈ రాళ్లు చాలొచ్చు."

"నా బద్దకమే కాపాడింది సూడు," అని వదిన గొణిగింది.

మర్నాడు సాయంత్రం సారు సీసాలో పట్టిన నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేసి, రంగు చూసి, పలక ఎత్తారు. సన్నటి ధార. నారుమడి మొత్తానికి చాలదు.

అయ్య పార భుజాన వేసుకుని నన్ను పిలిచాడు. "ఏ సగం వదిలీమంటావే?"

నేను చెయ్యెత్తి చూపించలేకపోయాను. ఆయనే నారుమడి మధ్యలో గట్టు వెయ్యడం మొదలెట్టాడు. నేను ఎండిపోయే వైపు దిగి, గట్టుకి మట్టిగడ్డలు అందించాను.