అర్ధాంతరం మామయ్య

ముందు పాట వచ్చేది. మెట్ల మలుపులో ఎక్కడో మొదలై, గోడల్ని తడుముకుంటూ, కొంచెం బొంగురుగా, కొంచెం తీయగా ఒక స్తుతి కీర్తన పైకి ఎక్కి వచ్చేది. సరిగ్గా గుమ్మం ముందుకొచ్చి, చరణం మధ్యలో ఠక్కున ఆగిపోయేది. తలుపు తట్టడం లేదు, బెల్లు నొక్కడం లేదు. లోపల ఎవరో ఒకరు ఆ చరణాన్ని పూర్తి చెయ్యాలి. అప్పుడు గానీ మామయ్యగారు చెప్పులు విడిచేవారు కాదు.

ఆయన ఏదీ పూర్తి చెయ్యరు. ఆయన గురించి తెలుసుకోవలసింది అదొక్కటే. మేకు సగం దిగేదాకా కొట్టి సుత్తి పక్కవాళ్ళ చేతిలో పెట్టేవారు. కథ సగం చెప్పి మంచినీళ్ళు తాగేవారు. ప్రార్థన సగం చేసి ఊరుకునేవారు. చిత్రమేమిటంటే ఆయన ఉద్యోగమంతా లిఫ్టు మెకానిక్కుగా గడిచింది. ఊళ్ళో లిఫ్టులేవీ రెండంతస్తుల మధ్య ఆగిపోకుండా కాపాడిన మనిషి, తాను మాత్రం నోరు తెరిచిన ప్రతిసారీ రెండు మాటల మధ్య ఆగిపోయేవారు. ఆ భవనంలో వాళ్ళంతా ఆయనకు 'అర్ధాంతరం మామయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆయన తల తిప్పేవారు కూడా, సగం.

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి లెక్కల టీచర్ని కోడలిగా పంపాడు. జవాబు రాసి దాని కింద రెండు గీతలు గీస్తే గానీ అన్నం సహించని పిల్ల. కాపురానికి వచ్చిన రోజు అందరూ భోజనానికి కూర్చున్నారు. మామయ్యగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా ఇంటికొచ్చిన ఈ వెలుగు కోసం..." అని ఆగారు.

గిన్నెల మీంచి ఆవిరి లేచి, పల్చబడి, మాయమైపోతోంది. కొత్త కోడలు ఒక కన్ను తెరిచి భర్త వైపు చూసింది. "నువ్వే" అన్నట్టు అతను గడ్డం ఎగరేశాడు.

"కాబట్టి... ఆమెన్!" అంది.

"భేష్," అన్నారు మామయ్యగారు గరిటె అందుకుంటూ. "నిరూపణ లేదు గానీ జవాబు కరెక్టే."

ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళ ముందుగదిలో ప్రార్థన కూడిక జరిగేది. ఒక శిష్యరిక పరిచర్య సంస్థ తరఫున మామయ్యగారు నడిపేవారు. ఆ పరిచర్య ఉద్దేశం చాలా చిన్నది, అందుకే చాలా కష్టమైనది. జనాన్ని పోగెయ్యడం కాదు. ఒక మనిషి పక్కన ఇంకొక మనిషి కూర్చుని, ప్రభువు అడుగుజాడల్లో నడవడం నేర్పడం. నేర్చుకున్నవాడు మరొకరి పక్కన కూర్చునేలా చెయ్యడం. కృప ఎవరూ సంపాదించుకునేది కాదని, ఊరికే దొరికిన దాన్ని ఊరికే పంచాలని, దేవుడితో మాట్లాడటానికి మధ్యలో దుబాసీ అక్కర్లేదని వాళ్ళ నమ్మకం. మామయ్యగారు ఇదంతా పొందిగ్గా చెప్పుకొచ్చి, "అందుచేత మనం చెయ్యవలసిందేమిటంటే..." అని మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపేవారు.

ఒకసారి బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ ఎత్తుకున్నారు. ఆ వారమే కొత్తగా చేరిన సిటీబస్సు డ్రైవరు కుర్చీ అంచుకి జరిగి వింటున్నాడు. కాపరి మందనంతా వదిలేశాడు, కొండలెక్కాడు, ముళ్ళలో పడ్డాడు. పొద్దు వాలుతోంది. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అదేంటి బాబాయ్! దొరికిందా లేదా?"

"నీ దగ్గర పుస్తకముందిగా. చూసుకో."

"ఇంత దూరం లాక్కొచ్చి కొండ మీద వదిలేస్తావా? ఇదేం న్యాయం?"

మర్నాడు పొద్దున్నే వాళ్ళ భవనం ముందు బస్సు ఆగింది. హారన్ మోత. డ్రైవరు కిటికీలోంచి సగం శరీరం బయటపెట్టి, "బాబాయ్! దొరికింది! భుజాల మీద ఎత్తుకుని మరీ తెచ్చాడు!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఎవరి పిల్లో తప్పిపోయి దొరికిందనుకుని బస్సులో జనమంతా చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. డ్రైవరుకి నిజం చెప్పక తప్పలేదు. బండి డిపోకి చేరేలోపు మొత్తం కథ అందరికీ వినిపించాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. కానీ కూడికలో ఆయన ప్రార్థన మధ్యలో ఆగిపోయినప్పుడల్లా కోడలి ప్రాణం గిలగిల్లాడేది. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు, ఫ్యాను తిరుగుతుంటుంది, వాక్యం గాల్లో వేలాడుతుంటుంది. ఆమె ఆగలేక చటుక్కున అందుకుని, చక్కగా ముడివేసి, ఆమెన్‌తో రెండు గీతలు గీసేసేది. మామయ్యగారి పరువు కాపాడానని ఆమె ధీమా.

ఇంతలో పరిచర్య పెద్దాయన వస్తున్నట్టు కబురొచ్చింది. బృందాలన్నీ ఏడాదిలో పాఠాలన్నీ ముగించాలని నియమం. మిగతా బృందాలు ఎప్పుడో ముగించి కొత్త పుస్తకం పట్టుకున్నాయి. మామయ్యగారిది ఇంకా నాలుగో పాఠంలోనే ఉంది. పెద్దాయన ఈ శుక్రవారం స్వయంగా చూసి, బాగోలేదనుకుంటే దీన్ని ఎత్తేసి అందరినీ పెద్ద హాల్లో జరిగే కూడికలో కలిపేస్తారట.

"మామయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా మీరే చెప్పండి," అంది కోడలు.

"నువ్వింతగా అడగాలా తల్లీ! ఈ శుక్రవారం తప్పకుండా..." అంటూ ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

శుక్రవారం వచ్చింది. వంటగదిలో కోడలు గ్లాసులు సర్దుతుంటే, కూడిక మొదలైననాటి నుంచీ వస్తున్న ఆసుపత్రి నర్సమ్మ సాయానికి వచ్చింది. ముందుగదిలో, తలుపు పక్కన చెప్పుల దగ్గర, బేకరీ ఆవిడ ఎప్పట్లాగే ఒదిగి కూర్చుని ఉంది. ఏడాదిగా వస్తోంది. వస్తూ వేడి బ్రెడ్డు తెస్తుంది, పెదవి మాత్రం విప్పదు.

"ఆవిడకి మాటలు రావా వదినా?" అని గుసగుసగా అడిగింది కోడలు.

"ఎందుకు రావు! బేకరీలో ఆవిడ కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. ఇదివరకు ఎక్కడో కూడికలో, 'ప్రభువా, మా పొయ్యి సరిగ్గా రాజుకునేట్టు చూడు' అని ప్రార్థన చేసిందట. అందరూ ఫక్కున నవ్వారట. అంతే. మళ్ళీ నోరు తెరవలేదు. మీ మామయ్యగారే వెళ్ళి తీసుకొచ్చారు. పాపం, ఆయన వారం వారం ప్రార్థన ఆవిడ పనిదాకా తెచ్చి ఆపుతున్నారు. ఆవిడ ఊపిరి పీల్చుకునేలోపే నువ్వు..." నర్సమ్మ ఆగింది. ఆ ఇంటి గాలి అలాంటిది.

కోడలి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. వారం వారం ఆయన తెరిచి పట్టుకున్న తలుపుకి తను పరుగున వెళ్ళి గడియ పెడుతోందన్నమాట!

పెద్దాయన వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, గంభీరమైన ముఖం. మామయ్యగారు పాఠం చెప్పారు. సగానికి డ్రైవరు అందుకున్నాడు, వాడితో నర్సమ్మ వాదించింది, ఇద్దరూ కలిసి ఎలాగో ఒడ్డుకి చేర్చారు. పెద్దాయన కనుబొమలు పైకెళ్ళి అక్కడే ఉండిపోయాయి. చివర్లో మామయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, పొద్దున లేచి మేం చేసే పని చిన్నదో పెద్దదో మాకు తెలీదు. నీకు మాత్రం మా చేతులు తెలుసు. ఈ వేళ ఆ చేతులతో..."

ఆగిపోయారు.

ఫ్యాను తిరిగింది. పెద్దాయన గొంతు సవరించుకున్నారు. కోడలి నాలుక చివర ఆమెన్ సిద్ధంగా ఉంది. ఒక్క మాటంటే చాలు, మామయ్యగారి పరువు నిలుస్తుంది, కూడిక బతుకుతుంది. పెద్దాయన రెండోసారి దగ్గారు. ఆమె పెదవి గట్టిగా కొరుక్కుని చీర చెంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది. లెక్క బోర్డు మీద సగంలో వదిలి క్లాసులోంచి బయటికి నడిచినంత బాధ. అయినా కదల్లేదు.

"ప్రభువా..." తలుపు దగ్గర్నుంచి, ఎండుటాకు కదిలినట్టు, ఒక గొంతు. "పొయ్యి ఇవాళ కూడా పొగ పెట్టింది."

ఎవరూ నవ్వలేదు.

"కళ్ళు మండాయి. అయినా బ్రెడ్డు బాగా పొంగింది, అది నీ దయే. నర్సమ్మకి రాత్రి డ్యూటీలు తగ్గించు. మన బస్సు తమ్ముడి మోకాలు చూడు, ఊరికే హారన్ కొట్టే ఆ చెయ్యి కూడా చూడు. టీచరమ్మకి..." కొంచెం ఆలోచించి, "టీచరమ్మకి నిదానం ఇవ్వు. ఆమెన్."

"ఆమెన్!" అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా కోడలే అంది.

పెద్దాయన కుర్చీ బేకరీ ఆవిడ వైపు జరుపుకుని, "ఏమ్మా, నాలుగే పాఠాలు విన్నారు కదా, వాటితో ఏం చేస్తున్నారు?" అని అడిగారు.

"ఏముందయ్యగారూ. పిండి పొంగేదాకా ఖాళీయే కదా. నా దగ్గర పనిచేసే ఆడవాళ్ళకి అవే చెప్తున్నాను. కలిసి కూర్చుంటున్నాం."

"నేను డిపోలో చెప్తున్నానండీ," అన్నాడు డ్రైవరు. "మా వార్డులో నేనూ," అంది నర్సమ్మ.

పెద్దాయన మామయ్యగారి వైపు తిరిగారు. "ఇన్ని చోట్ల జరుగుతుంటే నాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నానయ్యా. సగమే కదా అయిందని..."

పెద్దాయన గంభీరమైన ముఖం మొత్తం కూలి నవ్వులో పడింది. "మా దగ్గర పాఠాలన్నీ ముగించిన బృందాలు బోలెడున్నాయి. ఒక్కళ్ళూ నోరు తెరవరు. మీరు నాతో రావాలి. ఊరూరూ తిరిగి వాళ్ళకి మధ్యలో ఆగడం నేర్పాలి."

"మరి ఈ కూడిక?" అంది కోడలు.

అందరూ ఆమె వైపే చూశారు.

కొద్దిరోజుల తర్వాత మామయ్యగారు చేతిసంచీతో మెట్లు దిగుతుంటే, భవనం మొత్తం గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. కింద డ్రైవరు బస్సు ఆపి, ఏదో రాజుగారిని ఎక్కించుకుంటున్నట్టు ఛాతీ విరుచుకుని నుంచున్నాడు. కోడలు వెంటే పరుగెత్తింది.

"మామయ్యగారూ, రేపు శుక్రవారం నేను తప్పు చెప్తేనో?"

ఆయన బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగారు.

"చెప్పు తల్లీ, ఫరవాలేదు. దిద్దేవాళ్ళు ఎంతమంది తయారయ్యారో అప్పుడేగా తెలిసేది!"