గొర్రెల దొడ్డికి పైకప్పు

చింతామణి నుంచి సారు కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను దొడ్డిలో పెంట ఎత్తుతున్నాను. నాన్న పోయారని, మీ ఊరికి తప్పకుండా చెప్పమని వాళ్లమ్మ అన్నదని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు పెంట ఎత్తుతూనే ఉన్నాను.

బాగేపల్లి పక్కన కొండ కింద మా ఊరు. సారు చిరుతల మీద పరిశోధన చేస్తూ కొన్నేళ్లు మా కొండకు వచ్చారు. అవి నడిచే దారుల్లో చెట్లకు కెమెరాలు కట్టేవారు. చిరుతల్ని తెచ్చి వదిలేది ఈయనేనని ఊళ్లో అనుమానం. ఒకరోజు టీ అంగట్లో ఆయనకు వినపడేట్టే అన్నారు. ఆయన టీ తాగడం ఆపలేదు.

"నాకుండేది స్కూటరప్పా. చిరుతను ముందర కూసోబెట్టుకోవాల్నా, యెనకా?"

అంగడంతా నవ్వింది. అనుమానం మాత్రం పోలేదు.

తర్వాత ఒక రాత్రి మా దొడ్డిలో చిరుత పడి కొన్ని గొర్రెల్ని చంపింది. ఆ గొర్రెల మందే మా బతుకు. పొద్దున్నే వచ్చిన సారుతో మా అమ్మ, బోను పెట్టించి దాన్ని పట్టించమని, లేకుంటే ఈ కొండకు మళ్లీ రావద్దని చెప్పింది. ఆయన నేలమీదే ఆమెకెదురుగా కూర్చున్నారు.

"దీన్ని తీసుకొని పోతే దీని జాగాలోకి ఇంకోటి వస్తాదమ్మా. ఇది మనుషుల్ని చూస్తే తప్పుకుంటాది. వచ్చేది ఎట్లాందో నాకు తెలీదు."

"అయితే ఈ రాత్రికి నా గొర్రెల్ని యాడ దాచిపెట్టుకోవాల?"

ఆయన లేచి దొడ్డి చుట్టూ తిరిగారు. గోడ ఎత్తుగానే ఉంది, పైన కప్పు లేదు. చిరుత పక్క కొట్టం మీది నుంచి దూకింది. ఆ సాయంత్రానికి ఆయన ఆటోలో ఇనుప జాలీ వేసుకొని వచ్చి, మాతోపాటు గోడెక్కి దాన్ని కప్పుగా కట్టారు. చేతులు గీసుకుపోయాయి. ఆయన వేసిన ముడులు చూసి అమ్మ, వీటిని చూస్తే కుందేలు కూడా నవ్వుతుందంటూ అన్నీ విప్పి మళ్లీ వేసింది. బోను మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మా దొడ్డి చూసి ఇంకొందరు కప్పులు వేసుకున్నారు. చిరుతను తెచ్చింది ఆయనేననేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తప్పు చిరుతదా, మనిషిదా అని సారును అడిగితే, తాను దొడ్డి గోడా, కప్పూ మాత్రమే చూస్తాననేవారు. మా ఇంట్లో రాగిముద్ద తినేటప్పుడు పని మాట ఎత్తేవారు కాదు. పరిశోధన ముగిశాక కూడా వాన పడితే ఫోన్ చేసేవారు. ముందు గొర్రెల సంగతి, తర్వాతే చిరుత సంగతి.

ఆయన పోయిన కొద్దిరోజులకు మంచి వాన పడింది. పొద్దున చూస్తే దొడ్డి చుట్టూ బురదలో చిరుత అడుగులు. ఒక చుట్టు తిరిగి కొండవైపు వెళ్లిపోయాయి. గొర్రెలన్నీ లోపలే ఉన్నాయి. సారు వచ్చి కొలుచుకునేదాకా చెరిగిపోకుండా ఒక అడుగు మీద గంప బోర్లించడం మా ఇంటి అలవాటు. అమ్మ గంప తెచ్చి, బాగా పడిన అడుగు ఒకటి చూసి బోర్లించింది. నేను దొడ్డి తలుపు తీశాను. గొర్రెలు గంప దగ్గర రెండుగా చీలి, దాటాక కలిసి, మేతకు పోయాయి.