కెజియా కోసం చేయని ఫోన్

ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఆరాధన ముగిసింది. మందిరం వెనక చాపలు పరిచి ప్రేమవిందుకు విస్తళ్లు వేశారు. మా అమ్మాయి కెజియా చున్నీ నడుముకు బిగించి సాంబారు బకెట్ అందుకుంది. మూడు వరుసలకూ తనే వడ్డించింది, అందరూ లేచాక విస్తళ్లు కూడా తనే తీసింది. ఒక పెద్దావిడ "ఏమ్మా, నువ్వు తిన్నావా?" అని అడిగితే "ఇందాకే తిన్నా అమ్మమ్మా" అంది. నేను పక్కనే కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాను. తను తినలేదని నాకు తెలుసు. వడ్డించే మనిషి తిన్నదో లేదో ఎవరూ చూడరన్న సంగతి కనిపెట్టే తను ఆ బకెట్ పట్టుకుందని మాత్రం అప్పుడు తెలియదు.

సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికకు సాక్ష్యం రాయమని పాస్టరుగారు అడిగి చాలా నెలలైంది. ఇందులో విడుదల ఉంది. అది నా కూతురిది కాదు. చివరిదాకా చదివి మోసపోయామని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

నేను అద్దంకి దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన పోయాక ఇంట్లో నేనూ కెజియా ఇద్దరమే. గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. మొదటి ఏడాది చివర్లో రాత్రిపూట అన్నం మానేసింది. సెలవులకు ఇంటికి వచ్చి ఉండిపోయాక, శుక్రవారం ఉపవాస కూటానికి వస్తూ పస్తుండటం మొదలుపెట్టింది, తర్వాత బుధవారం కూడా, ఆ తర్వాత నలభై రోజులు ఆకుకూరలూ నీళ్లూ మాత్రమే అంది. నలభై అయ్యాక ఆపలేదు. పాస్టరుగారు ఒక శుక్రవారం తనను ముందుకు పిలిచి, ఈ వయసు పిల్లల్లో ఇంత భక్తి తాను చూడలేదని అందరి ముందూ చెప్పారు. నా వెనక కూర్చున్నావిడ తన కూతుర్ని మోచేత్తో పొడిచి, "చూడవే కెజియక్కని. నీకు చూస్తే పూటకి రెండు ప్లేట్లు బిర్యానీ కావాలి" అంది. ఆ పిల్ల సిగ్గుపడింది. నేను గర్వపడ్డాను. తన చుడీదార్లకు రెండుసార్లు కుట్లు లోపలికి వేసి ఇచ్చిన చేతులు నావే. అయినా గర్వపడ్డాను.

ఇతరుల పిల్లలైతే వార్డులో ఆ చేతులు ముట్టుకోగానే నాకు తెలిసేది. చల్లటి వేళ్లు, చేతుల మీద లేచిన సన్నటి నూగు, పొద్దస్తమానం స్వెట్టరు, మూడు నెలలుగా రాని నెలసరి. నా ఇంట్లో వాటికి నేను భక్తి అని పేరు పెట్టాను.

నాకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర తను కళ్లు తిరిగి పడిపోయిన రోజు మా డాక్టరమ్మ ఈసీజీ తీసింది. నా కన్నా పదిహేనేళ్లు చిన్నది, కొత్తగా చేరింది. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"సిస్టర్, ఇది ఉపవాసం కాదు. తినలేని జబ్బు. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది."

"వారానికి రెండ్రోజులే కదా డాక్టర్ పస్తుండేది" అన్నాను.

"మిగతా ఐదు రోజులూ ఏం తింటోందో మీరు చూశారా?"

 డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక ఒక నంబరు రాసింది. హైదరాబాదులో ఈ జబ్బు ఒక్కటే చూసే డాక్టర్లు కొందరు ఉన్నారనీ, రోగిని అక్కడికి తీసుకెళ్లనక్కర్లేదనీ, సైకియాట్రిస్టు, కౌన్సిలరు, డైటీషియను ముగ్గురూ వీడియోలోనే చూస్తారనీ, ఇంట్లోవాళ్లకు ఎలా తినిపించాలో కూడా నేర్పుతారనీ చెప్పింది. తన వంతుగా రెఫరల్ ఉత్తరం రాస్తానంది. వారం వారం బరువు, నాడి, బీపీ, రక్తపరీక్ష ఇక్కడే చూసి వాళ్లకు పంపుతానంది, గుండె ఇంకా నెమ్మదిస్తే వెంటనే గుంటూరులో చేర్పించాలని కూడా అంది. "ఈరోజే ఫోన్ చేయండి సిస్టర్" అంది. చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం పాస్టరుగారితో చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డారు. ఆ బాధతోనే, అమ్మాయి ఆరోగ్యం కోసం సంఘమంతా ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేద్దామన్నారు. ఆ మాట నాకు ఎంతో ఊరటగా అనిపించింది. ఇరవై ఒక్క రోజులు కాగానే ఫోన్ చేద్దాం, అప్పటికి అవసరమే ఉండదేమో అనుకున్నాను. తిండి మాని చచ్చిపోతున్న పిల్ల కోసం నూటికి పైగా మనుషులం తిండి మానేశాం. మాలో ఒక్కరికీ ఇది వింతగా తోచలేదు.

కెజియా కూడా ఆ ఉపవాసంలో చేరింది. పాలు కలిపి తీసుకెళ్తే గ్లాసు వైపు కూడా చూడలేదు.

"నా కోసం అందరూ పస్తులుంటే నేనెలా తాగుతానమ్మా? బాగోదు" అంది.

 నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. పాలు నేనే పారబోశాను.

పదిహేడో రోజు ఉదయం పెరట్లో పళ్లు తోముకుంటూ పడిపోయింది. నేను నర్సుని కాబట్టి ఏం చేయాలో తెలుసు, చేశాను. అంబులెన్సు వచ్చేదాకా తన గుండె మీద నొక్కుతూనే ఉన్నాను. తన వయసు పంతొమ్మిది. పక్కటెముకలు నా అరచేతుల కింద ఒక్కొక్కటీ తెలిశాయి.

సమాధి దగ్గర ప్రభువు తన బిడ్డను పిలుచుకున్నాడని చెప్పారు. పిలవలేదు, మేం పంపించాం అని అందామనుకుని అనలేదు. ఆ తర్వాత శుక్రవారం నుంచి నేనూ ఉపవాసం పట్టాను. మొక్కుబడి కాదు. తను పడ్డ బాధ నేనూ పడాలి, అంతే. ప్రార్థనలో నోరు పెగిలేది కాదు. పస్తుండటమే నా ప్రార్థన అనుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. మిరప కోతల రోజుల్లో వెంకట్రావుగారనే రైతు తన కూతుర్ని బండి మీద తీసుకొచ్చాడు. పిల్ల పేరు హారిక, పదిహేడేళ్లు. కోచింగ్ హాస్టల్లో లావుగా ఉందని తోటిపిల్లలు ఏదో పేరు పెట్టి పిలిచేవారట. ఇప్పుడు ఆ పేరుకూ పిల్లకూ సంబంధం లేదు. రక్తం తీయడానికి చెయ్యి పట్టుకున్నాను. చల్లటి వేళ్లు, సన్నటి నూగు. సూది పక్కన పెట్టి డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను. నా మొహం చూసి తనే లేచి వచ్చింది. పరీక్షలన్నీ చూశాక ఉత్తరం రాయడం మొదలుపెట్టి, "వాళ్ల నాన్నతో మీరు మాట్లాడండి సిస్టర్. నేను చెబితే వినడు" అంది.

వెంకట్రావుగారు ఆసుపత్రి వరండాలో అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"ఫోన్లో వైద్యమేంటండీ? వాళ్లేమన్నా ఫోన్లోంచి చెయ్యి పెట్టి ముద్దలు తినిపిస్తారా? రక్తం లేదు, టానిక్ రాయండి, పోతాం. కాయ చేలో ఉంది, కూలోళ్లు నా కోసం కూర్చోరు."

"టానిక్‌తో పోయేది కాదండి."

"మరి దేంతో పోద్ది? రెండు తగిలిస్తే పోద్ది. ఏమే, తింటావా తినవా?"

ఆ పిల్ల చున్నీ అంచు చూసుకుంటూ నిలబడింది.

"వెంకట్రావుగారూ, మా అమ్మాయికి ఇదే జబ్బు" అన్నాను. "ఇదే నంబరు నాకూ రాసిచ్చారు. నేను ఫోన్ చేయలేదు. చచ్చిపోయింది."

ఆ మాట అంతకుముందు నేను ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో కూడా అనలేదు. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నెమ్మదిగా, "అయితే చెయ్యండమ్మా ఇప్పుడు. మాకేం తెలీదు, మీరే మాట్లాడండి" అన్నాడు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. పేరు, వయసు, నాడి, చివరిసారి కడుపునిండా ఎప్పుడు తింది అని అడిగింది. నాలుగు నిమిషాలు పట్టింది. సహోదరీలారా, నేను చేయని ఆ పని నాలుగు నిమిషాల పని.

పగలంతా తల్లీతండ్రీ చేలో ఉంటారు, వాళ్లింట్లో వీడియోకు సిగ్నలూ సరిగా రాదు. నా ఇల్లు ఆసుపత్రి ఎదురుగానే ఉంది. మధ్యాహ్నం పూట హారికను నా ఇంట్లో కూర్చోబెట్టి తినిపించేటట్టు, రాత్రి వాళ్లమ్మ చూసుకునేటట్టు ఒప్పందమైంది. మంగళవారం, శుక్రవారం ఒంటిగంటకు వీడియో. వారానికోసారి డాక్టరమ్మ దగ్గర తూకం. అంకె కనబడకుండా వీపు తిప్పి నిలబెట్టేదాన్ని.

మొదటి శుక్రవారం అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు ఆ పిల్ల ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఫోన్లో డైటీషియనమ్మ "మీ కంచం కూడా చూపించండి మేడం" అంది.

"నాకు శుక్రవారం ఉపవాసం అండి. తను తింటుంది, నేను చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఈలోగా హారిక చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసి నా వైపు చూసింది.

"ఆంటీ, మీరు తినకపోతే భక్తా? నేను తినకపోతే జబ్బా?"

ఎగతాళిగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది. నా కూతురు నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు. అడిగే అవసరం రాకుండా తనకు భక్తి అనే మాటను మేమే అందించాం.

లేచి వంటగదిలోకి వెళ్లాను. స్టవ్ దగ్గర నిలబడి ఏడాదిన్నర తర్వాత ప్రార్థన చేశాను. "ప్రభువా, నా బిడ్డను నేను చూస్తుండగానే పోగొట్టుకున్నాను. నన్ను క్షమించమని ఇవాళ అడగను. ఈ పిల్ల ఈ ముద్ద మింగాలి, అది చాలు" అన్నాను. ప్రభువు ఒక చిన్నపిల్లను చావులోంచి లేపి, ఆ వెంటనే తినడానికేమైనా పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నోసార్లు విన్నదే. ఆ చివరి మాట మీద ప్రసంగం మాత్రం ఎప్పుడూ వినలేదు.

కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. హారిక నన్నే చూస్తోంది. మింగాను. తనూ మింగింది. తన కంచం ఖాళీ అవడానికి యాభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి నన్ను రాక్షసి అంది, గుడ్డులో పచ్చసొన చున్నీలో దాచింది. డైటీషియనమ్మ అదీ చూసింది. "ఫర్వాలేదమ్మా, ఇంకో గుడ్డు తెండి" అంది.

అలా ఎనిమిది నెలలు. మధ్యలో ఒకసారి గుండె నెమ్మదిస్తే ఆరు రోజులు గుంటూరులో పెట్టారు. నాలుగో నెలలో వెంకట్రావుగారు "బాగానే ఉందిగా, ఇంక చాల్లేండి" అని మానిపించబోతే, హారికే "నాన్నా, ఇంకా బాగవలేదు" అంది. ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు నాడి బాగుంది, నెలసరి వస్తోంది, మళ్లీ చదువుకుంటోంది. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టర్లు ఇంకా అనలేదు, నేనూ అనను. బతికి ఉంది. ఈ మహిమ దేవునిదే. అయితే అదే దేవుడు నా బ్యాగులో కూడా ఆ చీటీ పెట్టించాడని, దాన్ని తీయనిది నేనేనని చెప్పకుండా ఆయనను స్తుతించడం నాకు చేతకాదు.

ఇదంతా పాస్టరుగారికి చదివి వినిపించాను. ఆయన "నన్ను గురించి రాసింది తీసేయకమ్మా" అన్నారు.

మీ ఇంట్లో ఆడపిల్లైనా మగపిల్లవాడైనా తిండికి వంకలు చెబుతుంటే, అది భక్తి అని చెప్పినా సరే, ఆసుపత్రికి తీసుకురండి. నేను అక్కడే ఉంటాను. వైద్యం ఫోన్లో వస్తుందంటే నవ్వకండి. ప్రార్థన చేయండి, ఫోన్ చేశాకే చేయండి. ప్రభువును నమ్మండి, ఆయన పంపినవాళ్లను కూడా నమ్మండి. ఆ బిడ్డ ఎదురుగా మీ కంచం పెట్టుకుని కూర్చోండి.

నేను ఇప్పుడు శుక్రవారం ఉపవాసం ఉండటం లేదు.